తాళంకప్పకో చొక్కా

సెల్లర్ ఖాతా తెరిచి పందొమ్మిది రోజులు.
పేరుంది, జీఎస్టీ నంబరుంది,
బ్యాంకులో పరీక్షకని వాళ్ళు వేసిన ఒక్క రూపాయుంది.
"మీ మొదటి వస్తువును చేర్చండి" అంటూ
ఖాళీ గడి రోజూ అడుగుతోంది,
కంచం ముందు పెట్టుకుని కూరేదని అడిగే పిల్లాడిలా.

పూర్ణా మార్కెట్టంతా తిరిగాను.
స్టీలు డబ్బాలు, జడపిన్నులు, దీపం కుందులు,
ఏది పట్టుకున్నా
నాకంటే ముందే నాలుగు వేలమంది పట్టుకున్నారు,
నాకంటే రెండు రూపాయలు తక్కువకి.
లక్కబొమ్మల రంగు బాగుంది.
నా లాభం మాత్రం అట్టపెట్టె ఖరీదులోనే కరిగిపోయింది.
హార్బర్లో ఎండు నెత్తళ్ళు బేరమాడొస్తే
కొరియర్ కుర్రాడు ముక్కు మూసుకుని
"అక్కా, నన్ను ఉద్యోగం చేసుకోనీ" అన్నాడు.

రాత్రిళ్ళు కూడికలు.
కొన్న ధర, దారిఖర్చు, వాళ్ళ కమీషను,
తిరిగొస్తే నా నెత్తిన పడే రెండో దారిఖర్చు.
గీత గీసి కింద రాసిన అంకె
ప్రతిసారీ ముందో అడ్డగీత పెట్టుకునే కూర్చుంది.

మా ఇల్లు పెదజాలారిపేటకి పైన, మెట్ల సందులో.
సముద్రం కనపడదు గానీ
ఇంట్లో ఇనుమంతటికీ తెలుసు అదెక్కడుందో.
కిటికీ ఊచ పెచ్చులూడుతుంది.
ఫ్యాను రెక్కకి చుక్కలు లేస్తాయి, అమ్మవారు పోసినట్టు.
ఇంటావిడ నూకరత్నం గారు
పొద్దున్నే కోడిఈక కొబ్బరినూనెలో ముంచి
గేటు తాళంకప్ప నోట్లో వేస్తుంది,
పసిబిడ్డకి ఆముదం పట్టినట్టు.
అయినా ఏడాదికొకటి చచ్చిపోతుంది.
పారెయ్యడానికి ఆవిడకి మనసొప్పదు.
మెట్ల కింద రేకుడబ్బాలో
చెవులుండీ వినపడని పదకొండు తాళాలు.

ఆ డబ్బాని ఎన్నిసార్లు దాటానో!
ఒకనాడు బొటనవేలికి తగిలి
అక్కడే కూలబడిపోయాను.
దెబ్బకి కాదు.

కంచరపాలెంలో ఆటో సీట్లు కుట్టే దాలినాయుడి దగ్గర
మిగిలిన రెగ్జిన్ ముక్కలు గోనెడు.
"తాళానికి చొక్కా కుట్టాలి" అన్నాను.
మిషను ఆపి నన్ను చూశాడు.
"లాగు కూడా కావాలేటి?"
నేను నవ్వకపోయేసరికి
చెవి మీంచి పెన్సిలు తీశాడు.
వెనక మడత, కింద నీళ్ళు కారే చిల్లు,
పైన వేలెడంత చూరు.
"వాన ఏటవాలుగా కొడతాది కదా ఇక్కడ."
ఆ చూరు నాకు తట్టలేదు. అది అతని వాటా.

నలభై కుట్టించాను, ఒక్కోటి పద్దెనిమిది చొప్పున.
ఫొటోకి మోడలు నూకరత్నం గారి గేటే.
"తాళం కవరు, సముద్రపు ఊళ్ళకి" అని రాసి
వెతికితే ఆ మాటతో ఇంకెవరూ లేరు.
సంతోషించాలో బెంగపడాలో తెలీలేదు.
ఎవరూ అమ్మనిది ఎవరికీ అక్కర్లేనిదేమో.

ఆరు రోజులు చడీచప్పుడూ లేదు.
ఏడో రోజు, మద్దిలపాలెంలో సిటీబస్సు ఊచ పట్టుకుని నిలబడితే
చేతిలో ఫోను ఉలిక్కిపడింది.
రెండు కవర్లు. ఊరు గోపాల్‌పూర్.
అక్కడ నాకెవరూ తెలీదు.
ఈ నీళ్ళే అక్కడా ఎవరి గేటునో నాకుతున్నాయన్నమాట.
ఆ రాత్రి పటం మీద తీరం వెంట వేలు నడిపాను:
భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్.
వెనక్కి తిరిగి ఉప్పాడ, మచిలీపట్నం.
ఉప్పు గాలి ఎందాకా పోతే అందాకా నా కొట్టు.

పన్నెండో రోజు రెండింట్లో ఒకటి వెనక్కొచ్చింది.
కారణం: పట్టలేదు.
అరవై రెండు రూపాయలు పోయాయి.
కవరు లోపల నాలుగు మడతల కాగితం,
దాని మీద తాళాన్ని బోర్లించి
చుట్టూ పెన్సిలుతో గీసిన గీత.
మాటొక్కటీ రాయలేదు.

దాన్ని దాలినాయుడి ముందు పరిచాను.
గీత వెంట వేలు తిప్పి
కత్తెర అందుకుంటూ అన్నాడు:
"అబ్బో, పెద్ద తాళమే.
లోపల ఏటుందో మరి."